ఐదో వంతు

"ఒక్క చెయ్యి కూడా కింద ఉండకూడదు" అన్నాడు రామకోటేశ్వరరావు. "తెలిసినోళ్ళు కుడి చెయ్యెత్తాలి. తెలీనోళ్ళు ఎడం చెయ్యెత్తాలి. మీరు కుడి చేతుల్నే అడగాలి. వెనక బెంచీలో కూర్చున్న ఎక్స్‌టర్నల్‌కి ఏ చెయ్యో ఎక్కడ తెలుస్తుంది? క్లాసంతా చేతులే కనపడతాయి. ఈ కాలేజీలో ఫైనల్ లెసన్ పోయినవాడు ఇంతవరకూ లేడు. ఎందుకు లేడో ఇప్పుడు తెలిసిందా?"

ఉయ్యూరు దాటాక కాలవ గట్టు మీదున్న పాత మిషన్ కాంపౌండులో బి.ఇడి. కాలేజీ అది. రెండో ఏడు ఫిజికల్ సైన్సు క్లాసు. రిజిస్టర్లో నలభై మంది, బల్లల మీద తొమ్మండుగురు. మిగతావాళ్ళు హాల్ టికెట్ పట్టుకుని పరీక్షనాడే దిగుతారు. వాళ్ళ ముఖాలు మెథడాలజీ చెప్పే రామకోటేశ్వరరావుకి కూడా తెలీవు. రోజూ వచ్చే తొమ్మండుగురూ నోట్సులో రాసుకున్నారు: కుడి, తెలుసు. ఎడమ, తెలియదు.

"సార్, ఎడం చేతివాటం పిల్ల ఉంటేనో?" అంది సాయిశ్రీ.

"ఆ పిల్లకి ఆ రోజు జొరమొచ్చిందనుకో."

అందరూ నవ్వారు. రేణుక కూడా నవ్వింది.

శనివారం ఆమె ఫైనల్ లెసన్. నలభై అయిదు నిమిషాలు. నిజమైన బడిలో, నిజమైన పిల్లల ముందు, బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ చూస్తుండగా పాఠం చెప్పాలి. పోతే మళ్ళీ ఏడాది దాకా లేదు. టీచరు పోస్టులకి ఈ వేసవిలో నోటిఫికేషన్ వస్తుందని అందరూ అంటున్నారు. సర్టిఫికెట్ చేతిలో లేనివాళ్ళు దాన్ని పేపర్లో చదువుకోవడం తప్ప చేసేదేం లేదు. పెడనలో ఆమె తండ్రి మార్కండేయులు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకునే రోజూ ఫోన్ చేస్తాడు. నాడె కొట్టుకునే చప్పుడు మధ్యలో ఒక్కటే అడుగుతాడు. "ఎప్పుడమ్మా నీ లెసను?"

రేణుకకి ఎనిమిదో తరగతి బి సెక్షన్ ఇచ్చారు. పాఠం దహనం. లెసన్ ప్లాన్ రికార్డు ఎప్పుడో రాసేసింది. పోయినేటి సీనియర్ రికార్డు చూసి రాసింది. ఆ సీనియర్ అంతకుముందు సీనియర్ది చూసి రాసింది. వరుసగా అందరి రికార్డుల్లోనూ అదే బొమ్మ. పళ్ళెంలో నీళ్ళు, నీళ్ళ మధ్య కొవ్వొత్తి, కొవ్వొత్తి మీద బోర్లించిన గాజు గ్లాసు. బొమ్మ కింద అదే వాక్యం. గ్లాసులోని గాలిలో ఐదో వంతు ఉన్న ఆక్సిజన్ ఖర్చయినందువల్ల ఆ మేరకు నీరు పైకి వచ్చినది. ఎర్ర సిరాతో కింద గీత. ఆ గీత కూడా అందరి రికార్డుల్లోనూ అక్కడే ఉంది.

గురువారం మూడో పీరియడులో రేణుక ఆ ప్రయోగం పిల్లలకి మొదటిసారి చేసి చూపించింది. జిల్లా పరిషత్ హైస్కూలు అది. క్లాసులో నలభై ఒక్కమంది. గానుగాట సీజను కావడంతో రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లు వరసగా పోతున్నాయి, కిటికీలోంచి తియ్యటి రసం వాసన వస్తోంది. నీళ్ళు కనపడ్డానికి చిటికెడు పర్మాంగనేటు కలిపింది. గులాబీ రంగొచ్చింది. కొవ్వొత్తి వెలిగించి గ్లాసు బోర్లించింది. మంట సన్నబడి, నీలంగా మారి, ఆరిపోయింది. గులాబీ నీళ్ళు గ్లాసులోకి ఎక్కాయి.

"ఓ..." అన్నారు పిల్లలు.

మంట ఆక్సిజన్‌ని తినేసిందని రేణుక కారణం చెప్పింది. మూడుసార్లు అందరిచేతా అనిపించింది. ఐదో వంతు. ఐదో వంతు. ఐదో వంతు.

చివరి వరసలో, తలుపు పక్కన కూర్చునే పిల్ల లేచి నిలబడింది. మాణిక్యం. వారంలో రెండ్రోజులు రాదు. వచ్చిన రోజున మోచేతులనుంచి మణికట్టు దాకా చెరుకాకు కోసుకున్న గీతలుంటాయి. అమ్మానాన్నలతో పాటు నరుకుడుకి పోతుంది.

"టీచర్, తినేసేటప్పుడు రాలేదు గదండీ" అంది.

"ఏంటి?"

"కొవ్వొత్తి ఎలిగినంతసేపూ నీళ్ళు కదల్లేదండీ. ఆరిపోయాక వచ్చాయండీ. గబుక్కున."

మగపిల్లల వైపునుంచి ఎవడో "చెరుకు సైంటిస్టొచ్చిందిరోయ్" అన్నాడు. నవ్వులు. మాణిక్యం అటు చూడను కూడా చూడలేదు.

"గ్లాసు పెట్టగానే అంచు కాడ బుడగలొచ్చాయండీ. లోపలి గాలి బయటికి పోయిందండీ. మా అమ్మ తెల్లారగట్ల ఏడన్నం పెట్టి డబ్బా మూత బిగిస్తదండీ. మజ్జానం చేలో తీద్దామంటే మూత రాదండీ. మా నాన్న రాయికేసి కొడతాడు. లోపల చల్లారితే మూతని పీల్చేసుకుంటదండీ. ఇదీ అట్టాగే అయ్యుంటదండీ."

బెల్లు కొట్టారు. పిల్లలు లేచారు. రేణుక పళ్ళెం ముందే ఉండిపోయింది. వాళ్ళు బయటికి పోయాక కొవ్వొత్తి మళ్ళీ వెలిగించింది. బల్ల మీద చెంప ఆనించి, నీళ్ళ మట్టానికి కళ్ళు పెట్టి చూసింది. గ్లాసు దించగానే అంచు కింద బుడగలు వచ్చాయి. నాలుగు, ఐదు. మంట ఉన్నంతసేపూ నీళ్ళు చుక్క కదల్లేదు. ఆరిన తర్వాత పరిగెత్తాయి.

డిగ్రీలో ఆమె వాయువుల లెక్కలు వందలు చేసింది. వేడెక్కితే వ్యాకోచం, చల్లబడితే సంకోచం. ఫస్టు క్లాసు వచ్చింది. ఈ ప్రయోగాన్ని రికార్డులో నాలుగుసార్లు గీసింది. ఒక్కసారి కూడా చూడలేదు.

సాయంత్రం హాస్టలు వరండాలో సాయిశ్రీ పక్కన ఉండగా మూడు కొవ్వొత్తులు పెట్టి చేసింది. హాస్టలు వంటామె సంపూర్ణమ్మ అరుస్తూనే ఉంది, "నా పళ్ళేనికి మైనం అంటిందంటే మీ ఇద్దరిచేతే తోమిస్తా" అని. మూడు కొవ్వొత్తులకి నీళ్ళు గ్లాసులో దాదాపు సగం దాకా ఎక్కాయి.

"ఇప్పుడు చెప్పవే సాయీ. మూడు కొవ్వొత్తులు పెడితే గాలిలో ఆక్సిజన్ సగమైపోయిందా?"

"నాకెందుకు చెప్పు? నా పాఠం అద్దాలు" అంది సాయిశ్రీ. పళ్ళెం అంచుకున్న మైనం గోరుతో గీకుతోంది. "రేణూ, నువ్వేమన్నా సైంటిస్టువా? సైన్సు టీచరువి. అది కూడా ఇంకా అవలేదు."

అప్పటికింకా రామకోటేశ్వరరావు స్టాఫ్ రూములో రికార్డుల దొంతర ముందేసుకుని సంతకాలు పెడుతున్నాడు. బొటనవేలు నాలుకకి రాసుకోవడం, పేజీ తిప్పడం, గీకడం. పేజీలో ఏముందో చూడడు. సంతకానికి చోటెక్కడుందో మాత్రం చూస్తాడు.

రేణుక అంతా చెప్పింది. బుడగలు, మూడు కొవ్వొత్తులు, సగం గ్లాసు.

"రికార్డులో ఏం రాశావు?"

"ఐదో వంతనే రాశానండీ. కానీ సార్..."

"రికార్డులో ఒకటి, బోర్డు మీద ఒకటీనా? ఎక్స్‌టర్నల్ చేతిలో నీ రికార్డే ఉంటుంది. పాఠం వింటూ దాంట్లో టిక్కులు పెట్టుకుంటూ పోద్ది. టిక్కు పడనిచోట ఏం రాస్తదో తెలుసా? విషయ పరిజ్ఞానం లేదు అని రాస్తది. ఒకసారి రాశాక కొట్టేయించడం నా వల్ల కాదు, మీ ప్రిన్సిపాల్ వల్ల కాదు."

"కానీ అది తప్పు కదండీ."

ఆయన పెన్ను ఆపాడు. కోపం రాలేదు. అలసటగా చూశాడు. "నేనూ చదువుకునే వచ్చానమ్మా. నాకు చెప్పినాయన ఐదో వంతన్నాడు. నేను ఐదో వంతన్నాను. నా దగ్గర చదివినోళ్ళు జిల్లాలో ఎన్ని బళ్ళల్లో ఉన్నారో తెలుసా? అందరూ ఐదో వంతే చెప్తున్నారు. ఏ పిల్లకి ఏం నష్టం జరిగింది?" మళ్ళీ బొటనవేలు నాలుకకి రాసుకున్నాడు. "ఇక పో. రేపు రిహార్సల్‌కి నేనొస్తున్నా. మొద్దుల్ని ముందే తీసి పక్కన పెట్టు."

శుక్రవారం పొద్దున్నే చాపెల్లో ప్రార్థన. ఫైనల్ లెసన్లున్న వారం ప్రిన్సిపాల్ నతానియేలు గారు ఒక్కొక్కరి పేరూ ఎత్తి ప్రార్థన చేస్తారు. పేరుతో పాటు రిజిస్టరు నంబరు కూడా చదువుతారు, దేవుడి దగ్గర ఎక్కడా తేడా రాకూడదన్నట్టు. రేణుక పేరు దగ్గర ఆయన గొంతు మెత్తబడింది. బయటికొచ్చాక ఆమె వెనకే ఆయన గదిలోకి వెళ్ళింది.

ఆయన మొత్తం విన్నారు. మధ్యలో ఆపలేదు. కళ్ళజోడు తీసి కండువాతో తుడిచారు.

"నువ్వు చెప్పేదే నిజం తల్లీ. నాది ఎమ్మెస్సీ ఫిజిక్స్."

రేణుకకి ఒక్క క్షణం కాళ్ళ కింద నేల దొరికినట్టయింది. "అయితే మీరొక మాట రామకోటేశ్వరరావు గారికి..."

"ముందు పాసవ్వు" అన్నారు ఆయన. "పోస్టింగు రానీ. అప్పుడు నీ క్లాసు నీది. తలుపేసుకుని ఏది నిజమో అది చెప్పుకో. ఎవరొచ్చి చూస్తారు? రేపు మాత్రం గొడవొద్దు. చిన్న కాలేజీ మనది. ఎక్స్‌టర్నల్ ఇక్కడినుంచి కోపంగా వెళ్తే, ఆ ముద్ర నీ ఒక్కదాని మీద పడి ఊరుకోదు. నీతోపాటు ఎనిమిది మంది ఉన్నారు."

మంచివాడు. చెయ్యెత్తి దీవించి పంపాడు. అంత మంచివాడు ఇన్నేళ్ళుగా ఎంతమందికి ఈ మాట చెప్పి ఉంటాడో, ఆ పోస్టింగులొచ్చిన వాళ్ళలో ఎంతమంది తలుపేసుకుని నిజం చెప్పారో రేణుక లెక్కపెట్టడానికి ప్రయత్నించలేదు. షెల్ఫులో రికార్డులున్నాయి. అన్నిట్లోనూ ఎర్ర గీతలున్నాయి.

పక్కన పెట్టాల్సిన మొద్దుల లిస్టు పది నిమిషాల్లో అయిపోయింది. క్లాసు టీచరు చెబుతుంటే రేణుక రాసింది. చదవడం రానివాళ్ళు, నత్తి ఉన్న ఒకడు, ఊరికే నవ్వే ఒకమ్మాయి. పది మంది. రిహార్సల్‌కీ, శనివారం పాఠానికీ ఆ పది మందీ వంటషెడ్డు వెనక పెరట్లో గడ్డి పీకాలి. మాణిక్యం పేరు క్లాసు టీచరు చెప్పింది. రేణుక రాయలేదు. ఆ పిల్లని చివరి వరసలోంచి లేపి మూడో వరసలోకి మార్చింది.

మధ్యాహ్నం రిహార్సల్. రామకోటేశ్వరరావు వెనక బెంచీలో ఎక్స్‌టర్నల్‌లా కూర్చున్నాడు, చేతిలో రికార్డుతో. ముప్ఫై ఒక్క మంది పిల్లలు. చేతుల పద్ధతి వాళ్ళకి భలే నచ్చింది. ప్రశ్న పూర్తి కాకముందే చేతులు లేస్తున్నాయి. తెలీకపోయినా చెయ్యెత్తొచ్చన్న సంగతి ఆ పిల్లలకి పండగలా ఉంది.

"గ్లాసులోకి నీరు ఎందుకు ఎక్కింది?"

ముప్ఫై ఒక్క చేతులు. వాటన్నిటికంటే ఎత్తుగా, మోచెయ్యి చెవికి ఆనించి, మాణిక్యం కుడి చెయ్యి. బెంచీ మీంచి సగం లేచిపోయింది. రేణుక వేరే వైపు చూసింది.

"ఆ మూడో వరస పిల్లని అడుగమ్మా" అన్నాడు వెనకనుంచి రామకోటేశ్వరరావు. "బాగా ఉషారుగా ఉంది."

మాణిక్యం లేచి చెప్పింది. బుడగల నుంచి మొదలుపెట్టి అన్నం డబ్బా దాకా. నిన్నటికంటే సాఫీగా చెప్పింది. మనసులో చాలాసార్లు చెప్పుకుని ఉంటుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఇద్దరు ఆడపిల్లలు పళ్ళెం వైపు మెడలు సాచి చూశారు. క్లాసులో ఏదో కదిలింది. రేణుకకి అది తెలిసింది. రెండేళ్ళుగా లెసన్ ప్లాన్లలో అభిరుచి కలిగించుట, ఆలోచన రేకెత్తించుట అని రాస్తోంది. అదెలా ఉంటుందో ఇప్పుడే చూసింది.

రామకోటేశ్వరరావు లేచి వచ్చాడు. "నీ పేరేంటే?"

"మాణిక్యమండీ."

"ఇది చదువు" అని పాఠం పుస్తకం ఆమె ముందు పెట్టాడు.

మాణిక్యం వేలు పెట్టింది. "ద... హ... నం. వ... స్తు..." ఆగింది. వేలు అక్కడే ఉంది. క్లాసంతా ఎదురుచూసింది. ఆమె మెడ ఎర్రబడింది. ఇందాక మెడలు సాచిన ఆడపిల్లలు వెనక్కి తగ్గి కూర్చున్నారు.

"వస్తువు అని చదవడం రాదు. ప్రశ్నలొకటి." పుస్తకం మూశాడు. రేణుక వైపు తిరిగి, పిల్లలకి వినపడేటట్టే అన్నాడు. "దీన్ని తీసెయ్."

"సార్, మాట్లాడదండీ. నేను చెప్తాను. ఊరికే కూర్చుంటుంది."

"కూర్చుంటే చెయ్యెత్తుద్ది. నువ్వు అడక్కపోయినా ఎక్స్‌టర్నల్ అడుగుద్ది, నేనడగలా?" గొంతు తగ్గించాడు. "చూడు రేణుకా. అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. నేను రేపు రాలేదనుకో, నీ లెసన్ నువ్వే చూసుకో. మీ నాన్నకి నువ్వే ఫోన్ చేసి చెప్పుకో."

బడి వదిలాక చేతిపంపు దగ్గర మాణిక్యం దొరికింది. పలక కడుగుతున్నట్టు నోటుబుక్కు అట్ట కడుగుతోంది. రేణుక పక్కకి పిలిచింది.

"మాణిక్యం, రేపు నువ్వు పెరట్లో ఉండు. ఆ పదిమందితో."

"నేను ఎడం చెయ్యెత్తుతానండీ" అంది మాణిక్యం వెంటనే. ఆ మాట ముందే సిద్ధం చేసుకుంది. "తెలిసినా ఎడం చెయ్యే ఎత్తుతానండీ. నన్నడగొద్దు మీరు. ఊరికే చూస్తానండీ."

పంపు కొట్టేవాళ్ళెవరో వచ్చి, వీళ్ళని చూసి ఆగారు. ఈ పిల్ల రేపు ఆ గదిలో ఉండకూడదు. బతిమాలితే వినదు. బెదిరిస్తే మొండికేస్తుంది. వినే మాట ఒక్కటే ఉంది. అది రేణుకకి తెలుసు.

"నువ్వు చెప్పింది తప్పు మాణిక్యం. తప్పు చెప్తే క్లాసంతా పాడవుతుంది."

"తప్పాండీ?"

"అవును."

"మరి బుడగలండీ?"

"బుడగలు రాలేదు."

"వచ్చాయండీ. నేను చూశానండీ. మీరు కూడా మళ్ళీ ఎలిగించింది తలుపు కాడినుంచి చూశా..."

"రాలేదని చెప్తున్నానుగా! నీకలా కనిపించిందంతే. పుస్తకంలో ఉందా బుడగలని? చదవడం వస్తే తెలిసేది."

అనేసింది. మాణిక్యం నోటుబుక్కు అట్ట గౌనుకి తుడుచుకుంది. ఒకవైపు, తర్వాత రెండోవైపు. "సరేనండీ" అంది, పెద్దవాళ్ళ ముందు వాళ్ళ నాన్న ఎలా అంటాడో అలాగే. వెళ్ళిపోయింది.

శనివారం పదింటికి ఎక్స్‌టర్నల్ వచ్చింది. రాజ్యశ్రీ గారు. భవానీపురం నుంచి కారులో. ఆ రోజు ఇంకా మూడు బళ్ళు తిరగాలి. పాఠం మొదలుకాకముందే వాచీ చూసుకుంది. వెనక బెంచీలో రికార్డు తెరిచి, క్యాపు తీసిన పెన్ను పట్టుకుని కూర్చుంది. పక్కనే రామకోటేశ్వరరావు, ఉతికిన చొక్కాలో.

ముప్ఫై మంది పిల్లలు. జుట్లకి నూనె, నుదుటికి బొట్లు. రేణుక రోలప్ బోర్డు తగిలించింది. పూర్వజ్ఞాన పరీక్ష. చేతులు. శీర్షిక ప్రకటన. చేతులు. వెనక పెన్ను టిక్కులు పెడుతోంది. చప్పుడు వినపడదు గాని, ప్రతి టిక్కూ రేణుకకి తెలుస్తోంది.

ప్రయోగం వచ్చింది. కొవ్వొత్తి వెలిగించింది. గ్లాసు చేతిలోకి తీసుకుంది. అప్పుడు ఆమె కాళ్ళు వాటంతటవే ఒక అడుగు పక్కకి జరిగాయి. వెనక బెంచీకీ పళ్ళేనికీ మధ్య ఆమె నడుము అడ్డం వచ్చింది. గ్లాసు దించింది. బుడగలు వచ్చాయి. ఐదు. గులాబీ నీళ్ళలో అంచు కింద పుట్టి, పగిలి, పోయాయి. ముందు వరసలో ఒక పిల్ల వాటిని చూసింది. రేణుక ఆ పిల్ల కళ్ళలోకి చూసింది. పిల్ల తల దించుకుంది. మంట ఆరింది. అప్పుడు రేణుక పక్కకి తప్పుకుని, అందరికీ కనపడేటట్టు చెయ్యి చాపింది. "చూడండి, నీరు ఎక్కుతోంది."

"ఎందుకు ఎక్కింది?"

ముప్ఫై చేతులు. కుడి చేతుల్లోంచి ఒకడిని లేపింది. వాడు ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాడు. రేణుక సుద్దముక్కతో బోర్డు మీద రాసింది. ఆమెది మంచి దస్తూరి. 1/5. ఒకటి, కింద అడ్డగీత, కింద ఐదు. ఎర్ర సుద్ద తీసుకుని కింద ఇంకో గీత గీసింది.

"ఒక్క నిమిషం" అంది రాజ్యశ్రీ గారు. "ఆ చివర పిల్లాడు చెప్పమ్మా. రెండో వరస. నువ్వే. ఇందాకట్నుంచీ చెయ్యెత్తుతూనే ఉన్నావు, మీ టీచరు నిన్నడగట్లేదు."

వాడు లేచాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. తన చెయ్యి తనే చూసుకున్నాడు.

"నేను ఎడం చెయ్యెత్తానండీ" అన్నాడు, అన్యాయం జరిగిపోయినవాడిలా.

రామకోటేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. రాజ్యశ్రీ గారు వాడి చెయ్యి వైపు, మిగతా చేతుల వైపు, చివరికి రామకోటేశ్వరరావు వైపు చూసింది. తర్వాత పకపకా నవ్వింది.

"ఇంకా ఇదే నడుస్తోందా మాస్టారూ! మా ట్రైనింగప్పుడు కూడా ఇంతే. తెలీకపోతే బొటనవేలు మడిచి ఎత్తేవాళ్ళం." కళ్ళు తుడుచుకుంది. "కూర్చో నాన్నా. కంటిన్యూ అమ్మా."

వరండాలో మార్కులు వేసింది. యాభైకి నలభై ఏడు. తొమ్మండుగురిలో అదే ఎక్కువ. కింద అభిప్రాయం అని ఉన్నచోట రాసింది. విషయ పరిజ్ఞానం చాలా బాగున్నది. పెరట్లోంచి గడ్డి పీకుతున్న చప్పుడు, పిల్లల మాటలు వినిపిస్తున్నాయి. "వాళ్ళెవరు?" అని అడిగింది కారెక్కుతూ. "గేమ్స్ పీరియడండీ" అన్నాడు రామకోటేశ్వరరావు.

రేణుక తండ్రికి ఫోన్ చేసింది. మగ్గం చప్పుడు ఆగింది. "నలభై ఏడంట!" అని ఆయన పక్క మగ్గం మీదున్న వాళ్ళతో అంటున్నాడు. "సైన్సమ్మా, సైన్సు! మా అమ్మాయి సైన్సు టీచరు." ఎవరో ఏదో హాస్యమాడారు. ఆయన గట్టిగా నవ్వాడు. ఫోను పెట్టేశాక కూడా రేణుక దాన్ని చెవి దగ్గరే ఉంచుకుని వరండాలో నిలబడింది, ఎవరైనా పలకరిస్తారేమోనన్న భయంతో.

సోమవారం బడిలో ఆఖరి రోజు. రిలీవింగు లెటరు తీసుకుని వెళ్ళిపోవడమే. రేణుక సంచిలో పళ్ళెం, గ్లాసు, రెండు కొవ్వొత్తులు పెట్టుకుని వచ్చింది. ఇప్పుడు చెప్పొచ్చు. మార్కులు పడిపోయాయి. ఎవరూ వెనక బెంచీలో లేరు. నువ్వు చూసిందే నిజం, నేనే అబద్ధం చెప్పాను అని ఆ పిల్ల ముందు కూర్చుని ఒక్కసారి చెప్పాలి. ఆదివారమంతా ఆ మాట మీదే బతికింది.

మధ్యాహ్నం భోజనం బెల్లుకి మాణిక్యం ఖాళీ క్లాసులో ఒక్కతే దొరికింది. మళ్ళీ తలుపు పక్కన చివరి వరసలో కూర్చుని ఉంది. చేతుల మీద కొత్త గీతలున్నాయి. రేణుకని చూడగానే గబగబా లేచింది. ముఖం వెలిగింది.

"టీచర్, నాకొచ్చేసిందండీ!"

"ఏమొచ్చింది?"

మాణిక్యం చేతులు కట్టుకుంది. గోడ వైపు చూస్తూ అప్పజెప్పింది. "గ్లాసులోని గాలిలో ఐదో వంతు ఉన్న ఆక్సిజన్ ఖర్చయినందువల్ల ఆ మేరకు నీరు పైకి వచ్చినది." ఒక్క అక్షరం పోలేదు. "నిన్న చేలో మా పక్కింటి పిల్లచేత చెప్పించుకున్నానండీ. పొద్దుగూకులూ అదే అనుకున్నా. ఈసారి నన్ను ఉంచుతారాండీ క్లాసులో?"

రేణుక సంచి బల్ల మీద పెట్టింది. "మాణిక్యం, కూర్చో. నువ్వు ఆ రోజు చెప్పావు చూడు, బుడగలు..."

"రాలేదండీ" అంది మాణిక్యం వెంటనే. "నేనే అబద్ధం చెప్పానండీ."

"కాదమ్మా. వచ్చాయి. నేనూ చూశాను."

మాణిక్యం ఇదేం పరీక్షోనన్నట్టు జాగ్రత్తగా చూస్తోంది.

"మరి మీ అన్నం డబ్బా? మూత పీల్చుకుంటుందన్నావు?"

"అది వేరేనండీ. అది ఇంట్లోదండీ." తప్పు దిద్దుకున్నట్టు మళ్ళీ అంది. "సైన్సు కాదండీ అది."

రేణుక పళ్ళెం తీసింది. సీసాలోంచి నీళ్ళు పోసింది. మూడో అగ్గిపుల్లకి గాని కొవ్వొత్తి వెలగలేదు. "ఇటు రా. దగ్గరికి రా. నేనేం చెప్పను. నువ్వే చూసి చెప్పు. ఏది కనపడితే అది చెప్పు. నీ ఇష్టం."

మాణిక్యం వచ్చి బల్ల పక్కన నిలబడింది. రేణుక గ్లాసు దించింది. అంచు కింద బుడగలు పుట్టాయి. ఒకటి, రెండు, నాలుగు. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. మంట నీలంగా మారింది.

"చూడు మాణిక్యం. చూస్తున్నావా?"

"చూస్తున్నానండీ" అంది మాణిక్యం.

ఆమె గ్లాసు వైపు చూడటం లేదు. ఏం చెప్పమంటారో తెలుసుకోవడానికి రేణుక ముఖంలోకే చూస్తోంది.